పిల్లికి రోజూ బోన్‌లెస్ పెట్టడాన్ని రా డైట్ అనకండి

నిన్న రాత్రి మా కింద ఫ్లాట్ కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, మా బ్రౌనీకి రా డైట్ (పచ్చిమాంసం తిండి) మొదలుపెట్టేశాం, రోజూ పచ్చి బోన్‌లెస్ చికెన్, భలే తింటోంది" అని, కింద వీడియో. మూడు నెలల పిల్లికూన, మూతి గిన్నెలో పెట్టి గుర్రుగుర్రుమంటూ తింటోంది. చూడటానికి ముద్దొస్తుంది, కాదనను. కానీ నాకు మాత్రం గుండె జారిపోయింది. రెండేళ్ళ క్రితం మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది, నేనూ ఇలాగే మురిసిపోతూ వీడియోలు తీసి అందరికీ పంపాను.

మా చిట్టి వానాకాలంలో సెల్లార్‌లో, స్కూటర్ల మధ్య దొరికింది. ప్యాకెట్ ఫుడ్ అంటే నాకు అప్పట్లో ఇష్టం ఉండేది కాదు, అందులో జొన్నపిండి, మొక్కజొన్న కలుపుతారని ఎక్కడో చదివాను. పిల్లి పూర్తిగా మాంసాహారి కదా, మాంసమే పెడదాం అనుకున్నాను. రెండు నెలలు వరసగా బ్రెస్ట్ పీస్ కడిగి ముక్కలు కోసి పెట్టాను. ఒకరోజు దివాన్ మీంచి దూకింది, అంతే, మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. వెనక కాలు ఎత్తి పట్టుకుని ఒకటే అరుపు. డాక్టరుగారు ఎక్స్‌రే తీసి కంప్యూటర్‌లో చూపించారు. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా మెరుస్తూ కనబడాలి. చిట్టి ఎముకలు చుట్టూ ఉన్న కండ రంగులోనే ఉన్నాయి, పొగతో గీసినట్టు. తొడ ఎముక మధ్యకి విరిగింది, వెన్నులో ఒకచోట వంకర. "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగారు. "చికెన్ సార్, ప్యూర్ చికెన్" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకటే అన్నారు: "మరి ఎముక దేంతో కట్టుకుంటుందమ్మా?"

విషయం ఇదీ. ఉత్త కండలో కాల్షియం దాదాపు ఉండదు. ఫాస్ఫరస్ మాత్రం దానికి పదిహేను ఇరవై రెట్లు ఉంటుంది. పిల్లికి కావలసింది ఫాస్ఫరస్ కంటే కాల్షియం కాస్త ఎక్కువ ఉండే తిండి. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు పనిచేయవు కాబట్టి ఒళ్ళు ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. ఎదిగిన పిల్లి కొన్నాళ్ళు తట్టుకుంటుంది, ఎదిగే కూన తట్టుకోలేదు. బయటికి మాత్రం బొచ్చు మెరుస్తుంటుంది, ఆకలి బాగుంటుంది, ఇల్లంతా గెంతుతుంటుంది. కాలు విరిగేదాకా మనకి తెలియదు.

ఇలా చెప్తే వెంటనే వచ్చే మాట, "మా అమ్మమ్మగారింట్లో పిల్లులు పాలన్నం తిని బతకలేదా?" అని. మా అమ్మమ్మవాళ్ళది తణుకు దగ్గర, వాళ్ళింట్లోనూ పిల్లులుండేవి, అమ్మమ్మ పెట్టింది పెరుగన్నమే. కానీ ఆ పిల్లి అసలు భోజనం మనం పెట్టినది కాదండీ. ధాన్యం బస్తాల వెనక ఎలుకను పట్టి అది ఎలా తినేదో నేను చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూశాను. తలతో మొదలుపెట్టి కరకరా నమిలేది. పుర్రె, పక్కటెముకలు, గుండె, కార్జం, నెత్తురు, అన్నీ లోపలికి పోయేవి. చివరికి గడప దగ్గర తోక, ఒక చిన్న పేగు ముక్క మిగిలేవి. అదీ అసలైన రా డైట్. మూడో అంతస్తులో, కిటికీలకు మెష్ కొట్టిన ఫ్లాట్‌లో పెరిగే పిల్లికి ఆ ఎలుక ఎక్కడినుంచి వస్తుంది? దానికి దిక్కు మనం పెట్టే గిన్నె ఒక్కటే. అందులో ఏది తక్కువైతే దాని జీవితంలోనే అది తక్కువ.

కాల్షియం ఒక్కటే కూడా కాదు. టారిన్ అనే పోషకం ఒకటుంది, పిల్లి ఒళ్ళు దాన్ని సరిపడా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అది చాలకపోతే కంటి రెటీనా పాడవుతుంది, గుండె కండరం పల్చబడి గుండె ఉబ్బిపోతుంది. గుండె సంగతి 1987లో గానీ బయటపడలేదు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పాల్ పియాన్ బృందం కనిపెట్టింది. అప్పటికి ఆ గుండెజబ్బు పడ్డ పిల్లులు తింటున్నది కంపెనీలు తయారుచేసిన తిండే, ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి. పెద్దపెద్ద కంపెనీలే అంతకాలం లెక్క తప్పాయంటే, ముప్పై సెకన్ల రీల్ చూసి మనం కంటిచూపు కొలతతో వేసేది ఎలా సరిపోతుంది? టారిన్ గుండెకాయలో బాగా ఉంటుంది, తొడ మాంసంలో ఫర్వాలేదు, మనం ఎగబడి కొనే బ్రెస్ట్‌లో తక్కువ.

ఇంకో పొరపాటు. చికెన్ షాపులో లివర్, కందనకాయ కలిపి ఇస్తాడు, "ఆర్గాన్ మీట్ కూడా పెడుతున్నాం" అని సంతోషపడతాం. కందనకాయ కండే, దానివల్ల విటమిన్ ఎ రాదు. లివర్‌లో ఉంటుంది, పిల్లికి అది తయారైన రూపంలోనే అందాలి, క్యారెట్‌లోది దానికి పనికిరాదు. అలాగని ఇష్టంగా తింటోంది కదా అని రోజూ లివరే పెడితే నెలల తరబడి విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పాపం తల తిప్పి ఒళ్ళు నాక్కోలేదు. పచ్చి చేప కూడా రోజూ వద్దు. చాలా రకాల చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే పోతుంది.

ఇక పచ్చిది పెట్టాలా వద్దా అన్నదానికి వస్తా. చిట్టి కోలుకున్నాక లెక్కలన్నీ నేర్చుకుని, కాటా కొని, కొన్ని నెలలు పచ్చిదే పెట్టాను. 2025 ఫిబ్రవరిలో మానేశాను. ఆ నెల గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, తణుకు చుట్టుపక్కల కోళ్ళు గుట్టలుగా చచ్చిపోయాయని అమ్మమ్మ ఫోన్‌లో చెప్తుంటే చేతిలో పచ్చి కీమా గిన్నె ఉంది. అంతకు ముందు నెలే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో అదే వైరస్ దొరికింది. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది, పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు పేపర్లలో చదివాం. "మేం ఫ్రీజ్ చేసి పెడతాం" అనేవాళ్ళకి ఒక మాట: 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక పిల్లి చనిపోయింది ఫ్రీజ్ చేసి అమ్మిన పచ్చి టర్కీ తినే. ప్యాకెట్‌లో ఉన్న వైరస్సే పిల్లిలోనూ ఉందని పరీక్షల్లో తేలింది. ఫ్రీజర్ వైరస్‌ని చంపదు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియానీ చంపదు. దానికి మంటే కావాలి. ఇంట్లో పసిపిల్లలున్నా, కడుపుతో ఉన్నవాళ్ళున్నా, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళున్నా పచ్చిమాంసం ఊసే వద్దని నేను గట్టిగా చెప్తాను. పిల్లి తిన్న మూతితోనే వచ్చి మన దిండు మీద పడుకుంటుంది కదా.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఆదివారం ఎముకలేని తొడ మాంసం ముప్పావుకిలో, గుండెకాయలు రెండొందల గ్రాములు, లివర్ యాభై గ్రాములు, కాటా మీద తూచి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా కాసిని నీళ్ళతో పూర్తిగా ఉడికిస్తాను. ఆ నీళ్ళు పారబోయను, టారిన్ అందులోకి దిగుతుంది. ఎముక ముక్కలు అస్సలు ఉడికించను, ఉడికిన ఎముక పుల్లలా చీలి పేగుకి గుచ్చుకుంటుంది. ఎముక బదులు కోడిగుడ్డు పెంకులు. ఉడికించిన గుడ్ల పెంకులు కడిగి, ఎండబెట్టి, మిక్సీ చిన్న జార్‌లో మైదాపిండిలా అయ్యేదాకా తిప్పితే మూత తీయగానే గోడ సున్నం వాసన వస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే గరుకు తగలకూడదు. కిలోకి ఒక టీస్పూన్, తలకొట్టి. అంతా చల్లారాక డాక్టరుగారు రాసిచ్చిన టారిన్, విటమిన్ ఇ, బి కాంప్లెక్స్, అయోడిన్, జింక్ ఉన్న పొడి కలిపి, ఏ రోజుకారోజు డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లోకి. ఆ పొడి లేకుండా ఇదంతా అసంపూర్తి తిండే. ఈ కొలత కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి కోసం. కిడ్నీ జబ్బు ఉన్న పిల్లి లెక్క పూర్తిగా వేరు, దాని రక్తపరీక్ష చూడకుండా ఎవరూ చెప్పలేరు.

మార్చడానికి కూడా తొందరపడకండి. చిట్టికి పాత తిండిలో ఒక చెంచా కలిపి మొదలుపెడితే పూర్తిగా మారడానికి మూడు వారాలు పట్టింది. గోరువెచ్చగా చేసి పెడితే వాసనకైనా వస్తుంది. "ఆకలేస్తే అదే తింటుంది" అని కడుపు మాడ్చడం మాత్రం ఘోరం. కుక్క సంగతి వేరు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది, లావుగా ఉన్నవాటికి మరీ. ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటే పాత తిండి పెట్టేయండి, అదీ తినకపోతే డాక్టరు దగ్గరికే.

చిట్టి ఇప్పుడు నాలుగు కిలోలుంది. కాలు అతుక్కుంది కానీ మంచం ఎక్కేముందు ఒక్క క్షణం ఆగి, ముందుకాళ్ళ మీద బరువేసుకుని ఎక్కుతుంది. రోజూ చూస్తాను అది.

కింది ఫ్లాట్ కుర్రాడికి రాత్రే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. శనివారం బ్రౌనీకి ఎక్స్‌రే తీయిద్దాం, నేనూ వస్తానన్నాను. అప్పటిదాకా ఏం పెట్టాలక్కా అని అడిగాడు. కూనలకని అమ్మే ప్యాకెట్ ఫుడ్ తెచ్చి నీళ్ళలో నానబెట్టి పెట్టు, ఎత్తునుంచి దూకనివ్వకు అన్నాను. పొద్దున మెట్ల మీద ఎదురుపడ్డాడు, చేతిలో ప్యాకెట్ ఉంది.