ఓఆర్ఎస్ పాకెట్ ఎవరి చేతిలో ఉండాలి?

సూడాన్ యుద్ధం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. కోటి మందికి పైగా ఇళ్లు వదిలిపోయారు. ఎల్ ఫాషర్ నగరం నుంచి పారిపోయి, తవీలా అనే చిన్న పట్టణంలో తలదాచుకున్నవాళ్లకు అక్కడ కలరా పట్టుకుంది. సాయం ట్రక్కులకు అనుమతులు రాలేదన్న వార్త ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. నన్నడిగితే, వచ్చిన మందు ఎవరి చేతికి ఇస్తున్నామన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

దానికి జవాబు 1971లో మన దగ్గరే దొరికింది. తూర్పు పాకిస్థాన్ నుంచి కోటిమంది వచ్చిపడ్డారు. సరిహద్దులోని బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ పెట్టాలంటే ఆ వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆ సెలైన్ కూడా నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలకత్తాలో ఓఆర్ఎస్ పొట్లాలు కట్టించారు: లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. డ్రమ్ముల్లో కలిపించి, కుళాయి కింద గ్లాసు పట్టే పని రోగి తల్లికి, అన్నకి, భార్యకి అప్పజెప్పారు. నూటికి 30 మంది దాకా పోతున్నచోట మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి.

ఆ ద్రావణం పనిచేస్తుందని అప్పటికే ప్రయోగాల్లో తేలింది. లేనిదల్లా రాత్రంతా పక్కన కూర్చుని గుక్కగుక్కగా తాగించే మనిషి. అన్ని వేలమంది నర్సులను ఏ సంస్థ పంపగలదు? శిబిరంలో మాత్రం ఆ మనుషులు ముందునుంచీ ఉన్నారు.

శిక్షణ లేనివాళ్ల చేతికి వైద్యం ఏమిటి, డబ్బుకు లెక్క ఎవరు చెబుతారు అంటారు. లెక్క అడగాల్సిందే. బుల్లెట్ తీయడానికి సర్జన్ కావాల్సిందే. కానీ కలరా కొన్ని గంటల్లోనే ప్రాణం తీస్తుంది. ఆ గంటల్లో దగ్గరుండేది పొరుగువాళ్లే.

సూడాన్‌లో 'అత్యవసర స్పందన గదులు' అనే స్థానిక సహాయ బృందాలను నడుపుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఆ పొరుగువాళ్లే. వంటశాలలు, చిన్న క్లినిక్‌లు వాళ్లవే. 2025లో అమెరికా నిధులు ఆగేసరికి వందల వంటశాలలు మూతపడ్డాయి. దాతల సొమ్ములో నేరుగా వాళ్లకు చేరేది బహు స్వల్పం.

మన ఊళ్లో చూడండి. ఓఆర్ఎస్ పాకెట్ ఇంటికి తెచ్చిచ్చేది ఆశా వర్కర్. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డిచ్చింది. ప్రభుత్వం మాత్రం ఇంకా జీతం అనదు, పారితోషికం అంటుంది. కాగితాల మీద ఆమె వాలంటీర్ కదా! ప్రాణం నిలబెట్టే పనిని సేవ అని పొగిడి, కూలి ఎగ్గొట్టడం మనకు అలవాటైపోయింది.

మహలనబిస్‌కు పద్మవిభూషణ్ ఆయన పోయాక, 2023లో వచ్చింది. బన్‌గావ్‌లో గ్లాసు పట్టినవాళ్ల పేర్లయితే ఎవరూ రాసుకోలేదు. తవీలాలో ఇవాళ గ్లాసు పట్టుకున్నవాళ్లకు అవార్డులు తర్వాత ఇవ్వొచ్చు. ముందు ఈ నెల ఖర్చులకు డబ్బు పంపండి.