వెలిగేదెవరో ముందువాడి మోకాలికే తెలుసు

జూన్ నెల వచ్చిందంటే చాలు, అమెరికన్ ఫుట్‌బాల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్న 32 జట్లూ ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ గెలిచేస్తాయి. అసలు ఆట సెప్టెంబర్‌లో గానీ మొదలవదు కాబట్టి కాదనేవాడు ఉండడు. ఈ మంచి రోజుల్లోనే ప్రతి జట్టు అభిమానుల ముందుకూ ఒక జాబితా వస్తుంది. ఈసారి మన బ్రేకౌట్ ప్లేయర్లు ఎవరు? నిన్నటిదాకా హెల్మెట్ చేత్తో పట్టుకుని సైడ్‌లైన్ దగ్గర నిలబడ్డవాళ్లలో రేపు స్టేడియమంతా ఎవరి పేరు అరుస్తుంది?

ఈ జోస్యాలను కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్లున్నారు. అది అన్యాయం. ఇది శాస్త్రం. దీనికి సూత్రాలున్నాయి, పండితులున్నారు, సామాన్యులకు అర్థంకాని పరిభాష ఉంది. ఫలితాలే కాస్త అటూ ఇటుగా ఉంటాయి. ఆ ఒక్కదానికే శాస్త్రం కాదంటే ఎలా?

ముందుగా ప్రమాణాల సంగతి చూద్దాం. మే, జూన్ నెలల్లో జరిగే ప్రాక్టీసుల్లో ప్యాడ్లు ఉండవు, ఒకరినొకరు గుద్దుకోవడం నిషేధం. నిక్కరు, జెర్సీ, హెల్మెట్, అంతే. గుద్దుకోవడమే ప్రాణమైన ఆటలోంచి గుద్దుకోవడం తీసేస్తే ఏం మిగులుతుందో ఆ ఆట అక్కడ జరుగుతుంది. ఆ ఆటలో మన కుర్రాళ్లను మించినవాళ్లు లేరు. ఒక వీడియో బయటికొస్తుంది. రిసీవర్, అంటే విసిరిన బంతి పట్టేవాడు, పరిగెత్తుతాడు, గాల్లోకి లేస్తాడు, ఒంటి చేత్తో బంతి అందుకుంటాడు. వీడియోని కాస్త ఆపి చూస్తే ఎదురుగా డిఫెండర్ లేడని తెలుస్తుంది. ఉన్నది ఒక అసిస్టెంట్ కోచ్, ఆయన మెడలో విజిల్, చేతిలో మెత్తటి దిండులాంటి ప్యాడ్. కానీ అలా ఆపి చూడటం మర్యాద కాదు.

తర్వాతది బరువు. ఆటగాడు వేసవిలో పది పౌండ్లు పెరిగితే బలం పుంజుకున్నట్టు. పది పౌండ్లు తగ్గితే చురుకుదనం వచ్చినట్టు. ఎటూ మారకపోతే క్రమశిక్షణ గలవాడని అర్థం. వెయింగ్ మెషీన్ మీద ఏ అంకె కనపడినా శుభమే పలికే పద్ధతిని ఇంతవరకూ ఏ వైద్యుడూ కనిపెట్టలేకపోయాడు. క్యాంప్ వార్తలు రాసేవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు.

ఇక స్టాప్‌వాచ్. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లను నిలబెట్టి 40 యార్డులు పరిగెత్తిస్తారు. 2017లో జాన్ రాస్ అనే రిసీవర్ ఆ దూరాన్ని 4.22 సెకన్లలో దాటేశాడు. అప్పటికి అదే రికార్డు. సిన్సినాటి జట్టు తొమ్మిదో పిక్‌తో అతన్ని ఎగరేసుకుపోయింది. ఆ మొదటి సీజన్ మొత్తంలో అతను పట్టిన బంతులు సున్నా. ఒక్కసారి బంతి చేతికిచ్చి పరిగెత్తమంటే 12 యార్డులు పోయి దాన్ని జారవిడిచాడు. 2000లో టామ్ బ్రేడీ అనే ఇంకో కుర్రాడు అదే 40 యార్డులకు 5.28 సెకన్లు తీసుకున్నాడు. 198 మందిని పిలిచాక గానీ అతని పేరు పిలవలేదు. అతని సంగతి మళ్లీ వస్తుంది.

సీజన్‌కి ముందు సన్నాహకంగా ఆడే ప్రీసీజన్ మ్యాచ్‌లను మించిన ప్రమాణం లేదని మరికొందరు పండితుల వాదన. నిజమే, అక్కడ ఢీకొట్టడాలుంటాయి, స్కోరు బోర్డుంటుంది, టికెట్‌కి డబ్బులు కూడా తీసుకుంటారు. 2008లో డెట్రాయిట్ లయన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకు నాలుగూ గెలిచింది. ఆ ఊపులో అసలు సీజన్‌లో దిగి 16కి 16 ఓడింది. అది కాకతాళీయమని తోసిపుచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పూనుకుని అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూపించింది. ప్రీసీజన్‌లో నాలుగూ గెలుపు, సీజన్‌లో పదహారూ ఓటమి. ఒక ప్రయోగాన్ని వేరేవాళ్లు వేరేచోట చేసినా అదే ఫలితం రావాలంటారు కదా, ఇంతకంటే ఏం కావాలి?

అయితే జోస్యం తప్పిందని తొందరపడి అనేయకూడదు. 2010 ఆగస్టులో విక్టర్ క్రూజ్ అనే కుర్రాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాడు, జెట్స్‌తో ప్రీసీజన్ మ్యాచ్‌లో మూడు టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించడం) కొట్టాడు. న్యూయార్క్ జెయింట్స్ అభిమానులు ఆ రాత్రే తేల్చేశారు, వెలిగేది ఇతనేనని. ఆ సీజన్‌లో అతను గాయంతో కూర్చుండిపోయి ఒక్క బంతీ పట్టలేదు. మరుసటేడు బంతులు పట్టి 1,536 యార్డుల దూరం సాధించాడు. గ్రీన్ బే రిసీవర్ డవాంటే ఆడమ్స్ కథా అంతే. 2015 వేసవిలో కోచ్ అతన్ని ఆకాశానికెత్తాడు, అందరూ జాబితాల్లో మొదట రాసుకున్నారు. ఆ ఏడాది 483 యార్డులు, ఒకే ఒక్క టచ్‌డౌన్. విసిగిపోయి అందరూ పేరు కొట్టేశాక, 2016లో 997 యార్డులు, 12 టచ్‌డౌన్లు. ఈ రెండు కేసుల్లోనూ జోస్యంలో దోషమేమీ లేదని సవినయంగా మనవి. దోషమంతా క్యాలెండర్‌ది.

నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసేది ఈ శాస్త్రంలోని లెక్కలు. ఏ జట్టు అభిమానుల జాబితా అయినా తీసుకోండి. డ్రాఫ్ట్ ఫస్ట్ రౌండ్‌లో వచ్చిన రిసీవర్‌కి 1,200 యార్డులు. రెండో ఏడాది కుర్రాడు ఈసారి ఆగడు కాబట్టి అతనికో 1,200. పాత స్టార్ ఇంకా ముసలివాడు కాలేదు, అతనికీ 1,200. బంతి పట్టడమే కాక ఎదుటివాళ్లను అడ్డుకోవడమూ చేసే టైట్ ఎండ్‌కి 900. బంతి బాగా పట్టే రన్నింగ్ బ్యాక్‌కి 600. వేసవి వీడియోలో ఒంటి చేత్తో పట్టినవాడికి 500 అయినా ఇవ్వకపోతే బాగుండదు. మొత్తం 5,600. ఇవన్నీ విసరాల్సింది ఒక్కడే, క్వార్టర్‌బ్యాక్. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఒక సీజన్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్ విసిరిన అత్యధిక దూరం 5,477 యార్డులు. 2013లో పేటన్ మానింగ్ పెట్టిన రికార్డు అది. మన క్వార్టర్‌బ్యాక్ దాన్ని బద్దలుకొట్టాలి, అదీ జట్టులో మిగతావాళ్లెవరికీ ఒక్క బంతి కూడా విసరకుండా. ఇంతకీ ఆ క్వార్టర్‌బ్యాక్ పేరు జాబితాలో ఉండదు. అతని మీద నమ్మకం లేక.

బంతి ఒక్కటే ఉంటుందన్న చిన్న విషయం ఎవరూ ఎత్తరు. అలాగే క్యాంప్‌లో 90 మంది ఉంటారని అందరికీ తెలుసు గానీ, ఆగస్టు చివరికి 53 మందే మిగలాలన్నది జాబితా రాసే వేళకి గుర్తుండదు. జట్టుకి 37 మంది చొప్పున, లీగంతా కలిపి దాదాపు 1,200 మంది పేర్లు కొన్ని గంటల్లో చెరిగిపోతాయి. కొందరికి 16 మందిని పెట్టుకునే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చోటు దొరుకుతుంది. మిగతావాళ్లు ఎత్తుగడల పుస్తకం ప్లేబుక్ అప్పగించి ఇంటిదారి పడతారు. జూన్‌లో మనం వెలిగించిన దీపాల్లో సగం అక్కడే కొండెక్కుతాయి.

ఇక అసలు రహస్యానికి వద్దాం. ఆటగాడి జాతకం అతనిలో వెతకడమే ఈ శాస్త్రంలోని పెద్ద పొరపాటు. అది ఉండేది, ఒక్కో స్థానానికి ఎవరి తర్వాత ఎవరో రాసుకునే డెప్త్ చార్ట్‌లో అతని పైనున్నవాడి ఒంట్లో.

1999 ఆగస్టు. సెయింట్ లూయిస్ రామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ ప్రీసీజన్ మ్యాచ్‌లో మోకాలు పోగొట్టుకున్నాడు. కోచ్ డిక్ వర్మీల్ విలేకరుల ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఏడవక ఏం చేస్తాడు? మిగిలినవాడు కర్ట్ వార్నర్. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, గ్రీన్ బే క్యాంప్ నుంచి పంపించేసింది, ఐయోవాలో ఒక కిరాణా దుకాణంలో రాత్రిపూట అరల్లో సరుకులు సర్ది బతికాడు. ఆ సీజన్‌లో అతను 41 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడై, సూపర్ బౌల్ గెలిపించాడు. 1999 జూన్‌లో రామ్స్ బ్రేకౌట్ జాబితా ఎవరైనా రాసి ఉంటే అందులో ట్రెంట్ గ్రీన్ మోకాలు ఉండి ఉండాల్సింది.

ఇందాక ఆపిన బ్రేడీ. మొదటి ఏడాది మొత్తం అతను విసిరినవి మూడు పాస్‌లు, చేరింది ఒకటి, వచ్చింది ఆరు యార్డులు. 2001లో న్యూ ఇంగ్లండ్ తమ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సోకి పదేళ్లకు 10 కోట్ల 30 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ రాసిచ్చింది. పదేళ్లపాటు ఇంకెవరికీ చోటు లేదని దాని అర్థం. సెప్టెంబర్‌లో జెట్స్ ఆటగాడు మో లూయిస్ అతన్ని ఛాతీ లోపల రక్తస్రావమయ్యేలా గుద్దాడు. ఆ సీజన్ సూపర్ బౌల్ బ్రేడీ గెలిచాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ప్రతిభను గుర్తించి పైకి తెచ్చిన మహానుభావుల్లో మో లూయిస్‌కి ఇంకా దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ధారపోసి 2021లో క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ని తెచ్చుకున్నారు. 2022 రెండో వారంలో అతని చీలమండ విరిగింది. వచ్చిన జిమ్మీ గరోపోలోకి డిసెంబర్‌లో పాదం విరిగింది. అప్పుడు పిలుపొచ్చింది బ్రాక్ పర్డీకి. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖరివాడు, 262వ వాడు. ఆఖర్న మిగిలినవాడికి మిస్టర్ ఇర్రెలెవెంట్ అని బిరుదిచ్చి, బంతి జారవిడుస్తున్న ఆటగాడి బొమ్మ ఉన్న ట్రోఫీ చేతికివ్వడం అక్కడ 1976 నుంచీ వస్తున్న ఆచారం. ఆ ట్రోఫీ పుచ్చుకున్నవాడు ఆ సీజన్‌లో మొదటినుంచీ ఆడిన లీగ్ మ్యాచ్‌లన్నీ గెలిచి, నాకౌట్ మ్యాచ్‌లైన ప్లేఆఫ్స్‌లో ఇంకో రెండు గెలిచాడు. తర్వాతి మ్యాచ్‌లో అతని మోచేతికి దెబ్బ తగిలింది. వెలగాల్సిన వంతు జోష్ జాన్సన్‌ది. అతని తలకి దెబ్బ తగిలింది. అక్కడితో క్వార్టర్‌బ్యాక్‌లు అయిపోయారు గానీ, లేకపోతే ఇంకెంతమంది చరిత్రకెక్కేవారో.

2023లో లాస్ ఏంజెలస్ రిసీవర్ కూపర్ కప్‌కి తొడ కండరం పట్టేసింది. మొదటి నాలుగు మ్యాచ్‌లకూ రాలేదు. ఐదో రౌండ్‌లో 177వ పిక్‌గా వచ్చిన పూకా నకూవా మొదటి మ్యాచ్‌లోనే పది బంతులు పట్టాడు, సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 యార్డులు, అప్పటికి రెండూ కొత్తవాళ్లలో రికార్డులు. మోకాలు, ఛాతీ, చీలమండ, పాదం, తొడ. మన పండితులు చదవాల్సిన గ్రంథం ఇది. వాళ్లేమో నిక్కరు వీడియోలు చూస్తూ కూర్చున్నారు.

ఈ కుర్రాళ్లకు ప్రతిభ లేదా అంటే, ఉంది, దండిగా ఉంది. ఆ ప్రతిభ బయటపడే తలుపు తాళం మాత్రం ఇంకొకరి కీళ్లలో ఉంది. కాబట్టి నిజాయితీగా జోస్యం చెప్పదలుచుకుంటే "ఫలానా కుర్రాడు వెలుగుతాడు" అని రాయకూడదు. "మన స్టార్‌కి నాలుగో వారంలో కాలు విరుగుతుంది" అని రాయాలి. అలా రాసినవాణ్ణి అభిమానులు బతకనిస్తారా? ఆ స్టార్ జెర్సీ వేసుకునే కదా జాబితా చదువుతున్నారు. అందుకే మర్యాదస్తులంతా మొదటి సగం మింగేసి రెండో సగం ఒక్కటే పైకి చెబుతుంటారు.

మధ్యలో ఒక ఫిర్యాదు. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే అఫెన్సివ్ లైన్‌లో ఐదుగురు ఉంటారు. వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ కనబడవు. వాళ్లకు యార్డులుండవు, టచ్‌డౌన్లుండవు. తప్పు చేశారని రిఫరీ జెండా విసిరి వాళ్ల నంబరు చదివినప్పుడే వాళ్లున్నారని తెలుస్తుంది. జోర్డాన్ మైలాటా అనే ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాణ్ణి, ఈ ఆట ఒక్కసారి కూడా ఆడనివాణ్ణి, 2018లో ఫిలడెల్ఫియా ఏడో రౌండ్‌లో తీసుకుంది. 2020లో, చెప్పాలా, ముందున్నవాళ్లకు గాయాలై అతను బరిలోకొచ్చాడు, అక్కడినుంచే నిలదొక్కుకున్నాడు. అంత పెద్ద మనిషి, ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, అందరి కళ్లముందూ నిలబడి ఉన్నా పండితుల చూపుకి ఆనలేదు.

సరే, ఇన్ని చెప్పి నా జాబితా ఇవ్వకపోతే తప్పించుకున్నాడంటారు. ఇదిగో, 32 జట్లలో ఏ జట్టుకైనా సరిపోతుంది. రెండో ఏడాది రిసీవర్ వెలుగుతాడు, ఈ ఏడాది కాకపోతే మూడో ఏడాది, అప్పుడు మనకి అనువైన సంవత్సరం ఎంచుకోవచ్చు. డిఫెన్స్‌లో బరువు తగ్గిన లైన్‌బ్యాకర్, బరువు పెరిగిన సేఫ్టీ, ఇద్దరూ ఖాయం. రన్నింగ్ బ్యాక్‌లలో మూడోవాడు, ఎందుకంటే మొదటి ఇద్దరూ ఎంతకాలమని నిలబడతారు పాపం. కోచ్ మైకు ముందు రెండుసార్లు పేరెత్తిన టైట్ ఎండ్. ఇంకో జట్టు వదిలేసిన కార్నర్ అనే డిఫెండర్, "మార్పు అవసరమైంది" అని అతనే చెప్పాడు కాబట్టి. లైన్‌లో ఎడమ పక్కవాడు, పేరు కనుక్కుని చెబుతాను. క్వార్టర్‌బ్యాక్ గురించి ఏమీ అనను, అతని పైన నాకున్న గౌరవం కొద్దీ. అతని బ్యాకప్‌ని మాత్రం బాగా తిని పడుకోమని చెప్పండి.

చివరి పేరు ఖాళీగా వదిలాను. అది అచ్చుతప్పు కాదు. డిసెంబర్‌లో ఎవరో ఒకరు ఎక్కడినుంచో ఊడిపడతారు. ఆ పేరు అక్కడ రాసుకుని, జూన్‌లోనే కనిపెట్టాడని నా గురించి నలుగురికీ చెప్పగలరు.