సవరణ: బాలికల నాయకత్వ తరగతుల పాఠంలో రెండు తప్పులు

కర్నూలు నగరంలోని హైస్కూళ్లలో 8, 9 తరగతుల ఆడపిల్లలకు నాయకత్వ తరగతులు నడిపేవాళ్ల కోసం ఇంతకుముందు రాసిన దాంట్లో రెండు మాటలు దిద్దుకోవాలి.

మొదటిది, బాల్యవివాహం 'దానంతటదే చెల్లదు' అని రాశాం. తప్పు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అలాంటి పెళ్లిని రద్దు చేయమని జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి, అదీ మేజరయ్యాక రెండేళ్లలోపే. అంటే అమ్మాయికి 20 నిండేలోగా. ఆమె ఇంకా మైనరైతే సంరక్షకులో, ఆమె తరఫు పెద్దలో బాల్యవివాహ నిషేధ అధికారితో కలిసి వేస్తారు. ఎత్తుకెళ్లి లేదా అమ్మి చేసినవి, కోర్టు ఆపమన్నాక చేసినవి మొదటినుంచీ చెల్లవు. ఈ తేడా చెప్పకపోతే పిల్ల 'ఎలాగూ చెల్లదులే' అని ఊరుకుంటుంది, గడువు దాటిపోతుంది.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు: 'ఇక్కడ చెప్పింది గడప దాటదు' అని తరగతి మొదట్లోనే మాటివ్వమన్నాం. ఇవ్వకండి. 18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే చట్టం) 19వ సెక్షన్ చెబుతోంది. దానికి బదులు, 'మీ మాటలు పక్కపిల్లలకు చెప్పను, కానీ మీకు ప్రమాదమైతే సాయం చేయగలవాళ్లకు చెబుతాను, ముందు మీతోనే అంటాను' అనండి. బోర్డు మూలన పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 రాసి ఉంచండి.

పిల్లలు పేరు లేకుండా ప్రశ్నలు రాసి వేసే చీటీల పెట్టె సంగతి మారలేదు. అందరికీ ఒకే రంగు కాగితం, ఒకే రకం పెన్ను ఇవ్వండి, లేకపోతే ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. ప్రశ్న లేనివాళ్లూ ఏదో ఒకటి రాసి వేయాలి.