సీటీఈ పెట్టగానే వేగం రాదు
డేటాబేస్‌కి రాసే ఎస్‌క్యూఎల్ క్వెరీలో సబ్‌క్వెరీలు (లోపల ఇరికించిన చిన్న క్వెరీలు) తీసేసి సీటీఈలు (ముందే WITHతో పేరు పెట్టి రాసుకునే ముక్కలు) పెడితే క్వెరీ దానంతటదే వేగంగా నడుస్తుందని ఒకరు రాశారు, ఒప్పుకోలేను. చదవడానికి హాయిగా ఉంటుంది, అంతవరకు నిజం. వేగం మాత్రం ఏ డేటాబేస్, ఏ వెర్షన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 2019లో 12వ వెర్షన్ వచ్చేదాకా సీటీఈ ఫలితాన్ని విడిగా లెక్కగట్టి పక్కన పెట్టేది. బయట రాసిన వేర్ షరతు (ఏ వరుసలు కావాలో చెప్పేది) లోపలికి వెళ్లేదే కాదు. ఇప్పుడు ఒక్కసారే వాడిన మామూలు సీటీఈని అసలు క్వెరీలో కలిపేస్తుంది, ఒకటికి మించి వాడితే మళ్లీ పాత పద్ధతే. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే ఎన్నిసార్లు పేరు రాస్తే అన్నిసార్లూ ఆ ముక్క మళ్లీ నడవొచ్చు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ ఆఫీసులో మా టీమ్‌కి నెలాఖరు రిపోర్ట్ ఒకటి ఉండేది, ఆ రోజు వచ్చిందంటే అందరికీ టెన్షనే. ఒకదాని మీద ఒకటి పేర్చిన సీటీఈలు. క్వెరీని నడిపి అది ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌లో చూస్తే, ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం) వందల్లో అంచనా వేసిన చోట వరుసలు లక్షల్లో వస్తున్నాయి, అందుకే నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకీ రెండో వైపు మళ్లీ వెతికే పద్ధతి, వరుసలు తక్కువైతేనే బాగుంటుంది) పట్టుకుని కూర్చుంది. మా టీమ్‌లో చిత్తూరు ఆయనొకరు "ప్లాన్ చూపించు సామీ, తర్వాత వాదిద్దాం" అంటుంటారు, ఆయనే మధ్య ఫలితాన్ని టెంప్ టేబుల్‌లో (తాత్కాలిక పట్టికలో) వేసి, ప్లానర్‌కి అసలు లెక్కలు తెలిసేలా ఎనలైజ్ కమాండ్ నడిపించారు. ప్లాన్ ఎక్కువ వరుసలకు సరిపోయే హాష్ జాయిన్‌కి మారింది, రిపోర్ట్ టీ తాగి వచ్చేలోపు సిద్ధం. అలాగని చిన్న క్వెరీలకు కూడా టెంప్ టేబుళ్లు పెట్టేవాళ్లున్నారు, అదింకో జబ్బు.