మహారాజశ్రీ సౌండ్ గారికి

మహారాజశ్రీ సౌండ్ గారి దివ్యసముఖమునకు, శనివారం మధ్యాహ్నమంతా టూవీలర్ సర్వీస్ సెంటర్ ప్లాస్టిక్ కుర్చీకి అంకితమిచ్చిన ఒక కస్టమర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, ఎక్కడ విన్నా తమరే ఉన్నారు.

విషయం చిన్నదే. నా బండి నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు చక్రం దగ్గర సన్నగా కిచకిచమంటుంది. బ్రేక్ పట్టుకుంటే కిమ్మనదు. వదిలితే మళ్ళీ కిచకిచ. ఈ మూడు ముక్కలూ కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి వివరంగా చెప్పాను. ట్యాబ్ లోంచి తల ఎత్తకుండా "సౌండ్ వస్తోందా సార్?" అన్నాడు. "ఊరికే సౌండ్ కాదు బాబూ, కిచకిచ" అన్నాను. "అదే సార్, సౌండ్" అని ఒక గడిలో టిక్కు కొట్టాడు. నేను చెప్పిన రోగలక్షణాలన్నీ ఆ గడిలో పడి తమరి కడుపులోకి వెళ్ళిపోయాయి.

టీ వేళకి బండి తళతళలాడుతూ వచ్చింది. కడిగారు, చైన్‌కి ఆయిల్ కొట్టారు, బిల్లు కొట్టారు. జాబ్ కార్డు మీద "టెస్ట్ రైడ్‌లో సౌండ్ రాలేదు" అని రాశారు. ఎలా వస్తుందండీ? బ్రేక్ మీద వేళ్ళు పెట్టుకుని నడిపితే రాదని నేనేగా ముందే చెప్పింది! గేటు దాటి మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర బ్రేక్ వదిలానో లేదో, కిచకిచ.

మా సందు చివర మెకానిక్ ఒకడుండేవాడు. ధర్మాత్ముడేం కాదు, స్పేర్ పార్టుకి రెండింతలు చెప్పేవాడు. కానీ బండి స్టాండ్ వేయకముందే అడిగేవాడు: "కీచుమంటోందా, గరగరమంటోందా?" కీచుమంటే బ్రేకు వైపు చూసేవాడు, గరగర అంటే బేరింగు పట్టుకునేవాడు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటకమని, వేడెక్కాక సద్దుమణిగితే ఇంజిన్ వాల్వుల్ని కదిలించే ట్యాపెట్లు. చటచట కొట్టుకుంటే వదులైన చైను. ఆ పదాలే వాడి స్కానింగ్ మిషన్. ఇప్పుడు వాడి స్థానంలో ఏసీ గది, కాఫీ మిషన్, తమరు ఉన్నారు.

తమరి మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, కొంచెం వ్యాకరణం కలిసినది. తెలుగులో వస్తువులు మాట్లాడతాయి. గాజులు గలగలమంటాయి, గజ్జెలు ఘల్లుమంటాయి, తలుపు కిర్రుమంటుంది, ఉడత తుర్రుమంటుంది. అన్నిటి చివరా "అను" ఉంది చూశారా? అంటే అవి మనతో ఏదో అంటున్నాయన్నమాట. జెండా అయితే రెపరెపలాడుతుంది, అది దాని ఆట. తమరు మాత్రం ఏమీ అనరు, ఆడరు. ఊరికే "వస్తారు". ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎవరు పంపారు? ఏమీ తెలియదు. పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళైనా ఎవరి తరఫు వాళ్ళో చెబుతారండీ.

ఎమెనో అనే భాషాపండితుడు 1969లో ఈ గలగల, రెపరెపల్లాంటి జంట పలుకుల మీద ఒక పెద్ద వ్యాసమే రాశాడు. మన ద్రావిడ భాషల్లోనూ ఉత్తరాది ఇండో ఆర్యన్ భాషల్లోనూ ఇవి ఒకే తీరులో ఉన్నాయనీ, కుటుంబాలు వేరైనా ఇరుగుపొరుగున బతికి పంచుకున్న సొత్తనీ అందులో చూపించాడు. అంత ఉమ్మడి ఆస్తిని తమరు ఒక్క టిక్కుతో రాయించేసుకున్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా లేదు.

వంటింట్లోకీ వచ్చేశారు. మొన్నో రెసిపీ వీడియోలో ఆవిడ "ఆవాలు సౌండ్ వచ్చేదాకా ఆగండి" అంది. మొదటి ఆవగింజ పేలగానే సౌండ్ వచ్చినట్టే కదా? నేను మినప్పప్పు వేసేశాను. మిగతా ఆవాలు పచ్చిగానే ఉండిపోయాయి. "చిటపటలాడాలి" అని ఉంటే, ఒక్క గింజ చిటపటలాడదనీ, నాలుగైదు కలిసి గొడవ చేయాలనీ ఎవరికైనా అర్థమయ్యేది. పప్పు కుతకుత ఉడకాలి, నీళ్ళు సలసల కాగాలి. మంట ఎంత పెట్టాలో, మూత ఎప్పుడు తీయాలో ఆ మాటల్లోనే ఉంది. టైమర్లు లేని రోజుల్లో వంటలు ఎలా కుదిరాయనుకున్నారు?

డాక్టరు గారి దగ్గర నడుము కలుక్కుమందంటే "పెయిన్" అని రాశారు. ఆ పెయిన్ తమరి పెదనాన్న కొడుకని విన్నాను, ఆయన సంగతి వేరే ఉత్తరంలో. ఇంకొకాయన స్పీడ్ గారు, స్వయంగా తమరి తమ్ముడు. ఎవరేం చేసినా "స్పీడ్‌గా" చేసేస్తున్నారట. గబగబా తింటే పొరబోతుంది, చకచకా చేస్తే పని శుభ్రంగా తెములుతుంది. చరచరా వెళ్ళిపోయిన మనిషిని ఆ పూట వెనక్కి పిలవకూడదు. సరసరా పోయింది పామై ఉంటే మనమే వెళ్ళిపోవాలి. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేసి నీ తమ్ముడు ఊరేగుతున్నాడు.

అవును, నీ తమ్ముడనే అన్నాను. ఇందాకటి నుంచి మీరు, తమరు అని నోరు నొప్పెడుతోంది.

మా అపార్ట్‌మెంట్ మీటింగులో వెనక వరసలోంచి "ఏదో సౌండ్ వస్తోంది" అన్నాడు సెక్రటరీ. ఏం సౌండ్? గుసగుసలైతే కొత్త సెక్రటరీని చూసుకుంటున్నారని. సణుగుడైతే మెయింటెనెన్స్ పెంచినందుకని. గొణుగుడైతే పాపం ఎవరో తనలో తను మాట్లాడుకుంటున్నారని. తేడా తెలియని ఆ సెక్రటరీని ఆ సాయంత్రమే దించేశారు. తెలుగు వచ్చినవాడైతే లేచి రాజీ మాట్లాడుకుని ఉండేవాడు.

ఎంత తిన్నా నీకు అందనివి కొన్ని ఉన్నాయిలే. నక్షత్రం మిలమిలలాడుతుంది, వంకాయ నిగనిగలాడుతుంది. రాసుకో నువ్వక్కడ, ఏ సౌండ్ వస్తోందో! ఆకలికి కడుపు నకనకలాడేటప్పుడు, మాట పడి మనసు చివుక్కుమన్నప్పుడు నీ గడిలో టిక్కు కొట్టి చూపించు.

నీకసలు పని లేదని నేను అనను. పెళ్ళి ఊరేగింపులో డీజే ముందు నిలబడ్డప్పుడు ఇంకే మాటా సరిపోదు, అక్కడ నువ్వే కరెక్టు. డబ్బున్నవాణ్ణి "సౌండ్ పార్టీ" అంటారే, ఆ మాట ఎవరు పుట్టించారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి. "ఎక్కువ సౌండ్ చేయకు" అని బెదిరించడంలో ఉన్న దమ్ము "ఎక్కువ చప్పుడు చేయకు"లో లేదు, ఒప్పుకుంటాను. అవన్నీ నీకే రాసిస్తాను, ఉంచుకో.

కానీ నా బండి జోలికి రాకు. ఆ ట్యాబ్‌లో నీ గడి పక్కన ఒక ఖాళీ గీత పెట్టించు. కస్టమర్ ఏమన్నాడో, బండి ఏమందో, అన్నది అన్నట్టు రాసుకోమను. టెస్ట్ రైడ్ చేసేవాణ్ణి బ్రేక్ మీంచి వేళ్ళు తీయమను. నా బండి నీలా ఊరికే వచ్చిపోయే రకం కాదు, నాతో ఏదో అంటోంది. నాకు వినబడుతోంది కూడా. వినబడనిది బిల్లు వేసినవాళ్ళకే.

ఇట్లు,
సోమవారం మళ్ళీ హాఫ్ డే లీవు పెట్టి అదే కౌంటర్ ముందు నిలబడబోతున్న,
ఒళ్ళు మండిన తెలుగువాడు