గాజు పళ్లెంలో తేలింది, గాజువాకలో అమ్ముడవుతోంది

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను ‘సహజ విటమిన్ ఇ’ చంపేస్తుందట. విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా మందుల దుకాణాల గల్లాపెట్టెల పక్కన ఇదే కరపత్రం. కింద క్యాప్సూళ్ల డబ్బా బొమ్మ, ఆ పక్కన తవుడు నూనె సీసా. అరవై దాటి, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే పెద్దమనిషి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడం వచ్చే నెలకు వాయిదా పడుతోంది. మా కోపం అందుకే.

కరపత్రం చెప్పే ఆ ‘సహజ విటమిన్ ఇ’ పేరు గామా టోకోట్రైనాల్. దాని సంగతి అబద్ధం కాదు. విటమిన్ ఇ ఎనిమిది రూపాల్లో ఇదొకటి; పామాయిల్‌లో, తవుడు నూనెలో ఉంటుంది. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను ఇది చంపింది. ఆ పరిశోధనను మేం చులకన చేయడం లేదు. అయితే గాజు పళ్లెంలోని కణానికి పొట్ట లేదు, కాలేయం లేదు, మింగిన మందు తనదాకా ఎంత చేరుతుందన్న బెంగా లేదు.

పైగా ఈ విటమిన్‌ను నమ్మి ఒకసారి చేతులు కాల్చుకున్నాం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారిపై జరిగిన పరీక్షలో, విటమిన్ ఇ మరో రూపమైన ఆల్ఫా టోకోఫెరాల్ మింగినవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ 32 శాతం తక్కువగా వచ్చింది. పళ్లెంలో కణాలు కావు, మనుషులే. ఆ ఆశతో 2001లో అమెరికా, కెనడాలలో 35 వేల మందికి పైగా పురుషులతో ‘సెలెక్ట్’ పరీక్ష మొదలైంది. మేలు కనబడక 2008లో మాత్రలు ఆపించారు. 2011లో వెల్లడైందేమిటి? రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ! మనుషుల్లో కనబడిన మేలే తలకిందులైతే, గాజు పళ్లెంలో కనబడినదాన్ని డబ్బాకెక్కించే ధైర్యం ఈ అమ్మేవారికెక్కడిది?

‘అది ఆల్ఫా, ఇది గామా’ అంటారు అమ్మేవారు. నిజమే. వేరే పదార్థమైతే రుజువూ వేరే కావాలి, అదీ మనుషుల్లో.

క్యాన్సర్‌ను నయం చేస్తుందంటూ మందును ప్రచారం చేయడం 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. ఈ కరపత్రాన్ని వదిలేస్తే రేపు పసుపు మాత్ర, ఎల్లుండి నేరేడు గింజల పొడి. ప్రతిదానికీ ఎక్కడో ఒక గాజు పళ్లెం దొరుకుతుంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, నగరం నడిబొడ్డున ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉన్న ఊరికి ఇదేం ఖర్మ? తనిఖీకి వచ్చే ఔషధ అధికారులు బిల్లు పుస్తకాలు తిరగేస్తారు, ఫ్రిజ్ తెరిచి చూస్తారు. గల్లాపెట్టె మీది కాగితం మాత్రం వారి కంటపడదు. అది తెలుగులోనే ఉంది, పెద్దక్షరాలతో!