4:20కే డ్యూటీ దిగిపోయే షికాగో అస్తమయం గారికి

మహారాజశ్రీ షికాగో సూర్యాస్తమయం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయ అన్నది మర్యాదకే. నవంబరు నుంచి తమరి కుశలం మాకు తెలిసే దారి లేదు. మేము ఆఫీసు మెట్లు దిగేసరికి తమరు వెళ్ళిపోయి ఉంటారు.

డిసెంబరు మొదటి వారం దాటేసరికి సాయంత్రం 4:20కే తమరు డ్యూటీ దిగిపోతున్నారు. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో కదా, అప్పటిదాకా ఆగి ఆ ఒక్కరోజు తొందరగా వెళ్తే ఎవరూ ఏమీ అనరు. తమరు రెండు వారాల ముందే ఆ పని కానిచ్చేస్తారు. అదేమని అడిగితే భూమి అక్షం వాలిందనీ, కక్ష్య సరిగ్గా గుండ్రంగా లేదనీ పైవారి కాగితాలు తీసి చూపిస్తారు. అదే జూన్ చివర్లో రాత్రి 8:30 అయితే గానీ కుర్చీ వదలరు. హైదరాబాదులో తమరి శాఖవారు ఏడాది పొడవునా గంటంపావు అటూ ఇటూ తేడాతో పని ముగించుకుంటున్నారు. ఇక్కడ ఆ తేడా నాలుగు గంటలు!

మా ఇళ్ళలో దీపాలు పెట్టే వేళకు కొన్ని నియమాలున్నాయని తమరికి తెలియనిది కాదు. సందెవేళ పడుకోకూడదు, ఇల్లు ఊడవకూడదు, గోళ్ళు తీసుకోకూడదు, చేతిలోంచి డబ్బు ఇవ్వకూడదు. డిసెంబరులో ఆ వేళ సరిగ్గా మా బడ్జెట్ సమావేశం మధ్యలో పడుతుంది. డబ్బు ఇవ్వకూడదన్న నియమాన్ని మా మేనేజరు ఎంతో నిష్ఠగా పాటిస్తాడు. పడుకోకూడదన్నది మాత్రం ఆ గదిలో ఎవరివల్లా కావడం లేదు. ఇక పనిరోజుల్లో మేము ఇంట్లో ఉన్నంతసేపూ చీకటే కాబట్టి, చీపురు పట్టకపోవడానికి నాకు శాస్త్రం అండ దొరికింది. (మా ఆవిడ ఈ శాస్త్రాన్ని ఇంకా ఒప్పుకోలేదు.)

జూన్‌లో మా నాన్నగారు వచ్చినప్పుడు కష్టం తిరగబడింది. దీపం పెట్టాక గానీ ఆయన రాత్రి భోజనానికి కూర్చోరు. తమరు చూస్తే కదలరు, కదిలాక కూడా అరగంట వెలుగు మిగిల్చిపోతారు. "ఒరేయ్, ఇది పొద్దుగూకడమా, బేరమాడటమా?" అంటూ ఆయన పడమటి దిక్కుకు కుర్చీ వేసుకుని ఆకలితో కాపలా కాశారు.

అయితే విచారణ మొదలుపెట్టాక తమరి మీద ఫైలు పలచబడుతూ వచ్చింది. 1883 అక్టోబరులో రైల్వే కంపెనీలవారు ఈ ఊళ్ళోనే ఒక హోటల్లో సమావేశమై దేశం గడియారాన్ని మండలాలుగా పంచారు. ఆ నవంబరు 18న షికాగో తన సొంత కాలాన్ని వదులుకుని గడియారాన్ని తొమ్మిదిన్నర నిమిషాలు వెనక్కి తిప్పుకుంది. తమరి సాయంత్రంలోంచి ఆ తొమ్మిదిన్నర నిమిషాలూ అప్పుడు రైలెక్కి పోయినవే, మళ్ళీ రాలేదు. మా కాలమండలానికి లెక్క 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. మేమున్నది దానికి తూర్పున, అందుకే గడియారం చెప్పేదానికన్నా తమరు కాస్త ముందే దిగిపోతారు. మాకన్నా గంట ముందుండే తూర్పు కాలమండలంలో చేరిన ఇండియానాపోలిస్‌లో అదే డిసెంబరులో తమరు వెళ్ళేసరికి గోడ గడియారం 5:20 చూపిస్తుంది. సూర్యుడు ఒకడే, హాజరుపట్టీలు వేరు.

షికాగో కూడా ఒకసారి ధైర్యం చేసింది. 1936 మార్చిలో తూర్పు కాలంలోకి మారి, అదే ఏడాది నవంబరు 15న, అంటే సరిగ్గా అవసరం పడే నెలలో, వెనక్కి వచ్చేసింది. ఎండాకాలమంతా గొడుగు మోసి, తొలకరి పడగానే మడిచి అటక మీద పెట్టినట్టు! ఇప్పుడు ఏటా వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాన్ని నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ గంట వెనక్కి తిప్పుతున్నాం. ఈ తిప్పుడు మానేద్దామని 2022 మార్చిలో సెనేట్ ఒక బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతినిధుల సభలో అది ఓటుకే రాలేదు. 1974లో చలికాలంలో కూడా వేసవి గడియారమే నడిపి చూశారు. పిల్లలు చీకట్లో బడికి పోవాల్సి వస్తోందని తల్లిదండ్రులు గోల చేయడంతో ఆ ఏడాదే రద్దు చేశారు.

సరే, సమయం సంగతి వదిలేద్దాం. దిక్కు సంగతి? సముద్రమంత సరస్సు మాకు తూర్పున ఉంది. నీళ్ళలోకి దిగే అస్తమయం కావాలంటే అవతలి ఒడ్డున మిషిగన్‌కు పోవాలి. తమరు మాకేసి చూసేది పడమటి శివార్లు నేపర్‌విల్, అరోరా వైపు ఇళ్ళకు పోయే తెలుగువాళ్ళ కార్ల ముందు అద్దాల్లోంచే. వసంతంలోనూ శరత్తులోనూ సాయంత్రం పూట పడమటికి కారు నడిపే ప్రతివాడూ కళ్ళు చికిలించి, ఎండతెర దించి, తమరిని తిట్టుకుంటూ ఇల్లు చేరుతున్నాడు.

అసలు ఫిర్యాదు ఇంకొకటి ఉంది. తమరు వెళ్తే వెళ్ళారు, రాత్రి గారికి చార్జి ఎందుకు అప్పగించలేదు? 4:20కి దిగిపోయిన తమరి స్థానంలో తెల్లవారేదాకా ఎవరూ చేరడం లేదు. ఏళ్ళ తరబడి సోడియం దీపాలు ఆకాశాన్ని నారింజ రంగులో ఉంచాయి. 2017 నుంచి వాటిని తీసేసి తెల్లటి ఎల్‌ఈడీలు పెట్టుకొచ్చారు. చుక్కలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. మేము కర్టెన్లు వేసుకుని నిద్రపోతాం. రాత్రివేళ వలసపోయే పక్షులకు కర్టెన్లు లేవు. 2023 అక్టోబరు 5న దీపాల వెలుగుకు దారి తప్పి, సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ సమావేశ భవనం అద్దాలకు గుద్దుకుని వెయ్యికి దగ్గరగా పక్షులు చచ్చిపడ్డాయి. వలస కాలంలో రాత్రిళ్ళు దీపాలు ఆర్పండని ఈ నగరంలో 1995 నుంచీ మేడలవాళ్ళను బతిమాలుతూనే ఉన్నారు. చివరికి అద్దం ఉందని పక్షులకు తెలిసేలా ఆ భవనం అద్దాలకు 2024లో చుక్కల పొర అంటించారు, చావులు బాగా తగ్గాయి. ఆకాశంలో చుక్కలు తుడిచేసి అద్దాల మీద అంటించుకున్న మా ఊరి తెలివిని తమరు గమనించే ఉంటారు.

కాబట్టి రాత్రి గారు వచ్చి సంతకం పెట్టేదాకా తమరిని విధుల నుంచి విడుదల చేయవద్దని పైవారికి రాస్తున్నాను.

ఇట్లు,
తమరి వెనకాలే ఇంటికి చేరే ఒక పడమటి శివారువాసి

తా.క.: మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో తమరు మా తూర్పు పడమర వీధుల చివర, రెండు వరుసల మేడల మధ్య సరిగ్గా నడిమిట్లో దిగుతారు. ఆ కాసేపటి కోసం జనం సిగ్నలు ఏ రంగులో ఉందో చూడకుండా రోడ్డు మధ్యకు వచ్చి ఫోన్లు ఎత్తుతున్నారు, కార్లవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. ఈసారి కాస్త ఫుట్‌పాత్ వైపు జరిగి దిగడం కుదురుతుందేమో చూడగలరు.